బుర్రకథ పితామహుడు పద్మశ్రీ షేక్ నాజర్
(ప్రత్యేక వ్యాసం)

తెలుగు జానపద కళారూపాలలో బుర్రకథకు గల స్థానం విశిష్టమైనది. పల్లె రచ్చబండల వద్ద, తిరునాళ్లలో, జంగం కథగా తరతరాలుగా మనుగడ సాగించిన ఈ కళను ఇరవయ్యో శతాబ్దపు ప్రజాజీవితంతో అనుసంధానం చేసి, వేలాది మంది శ్రోతలను గంటల తరబడి కూర్చోబెట్టగల మహత్తర ప్రచార సాధనంగా తీర్చిదిద్దిన కళాకారులలో అగ్రగణ్యులు షేక్ నాజర్. బుర్రకథ పితామహుడుగా తెలుగు ప్రజల హృదయాలలో సుస్థిర స్థానం సంపాదించుకున్న ఈ మహా కళాకారుని జయంతి ఫిబ్రవరి 5. వర్ధంతి కూడా అదే నెల 22వ తేదీన వస్తుంది. ఈ సందర్భంగా ఆయన జీవితాన్ని, కళను, ఆ కళలో నేటికి మిగిలిన భాగాన్ని, మిగలకుండా పోయిన భాగాన్ని ఒకసారి స్మరించుకోవడం సముచితం.

బాల్యం - నేపథ్యం

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద ముస్లిం కుటుంబంలో జన్మించారు. తల్లి బీనాబీ, తండ్రి మస్తాన్. పొన్నెకల్లు తాడికొండ మండలంలోని వ్యవసాయ గ్రామం. పత్తి పండే ఆ ప్రాంతంలో దూది ఏకడం జీవనోపాధిగా గల దూదేకుల వారిని పింజారులని కూడా పిలిచేవారు. తదనంతర కాలంలో అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన నాజర్ ఆత్మకథకు ‘పింజారి’ అనే పేరు నిర్ణయించడం గమనార్హం. సమాజం చిన్నచూపుతో పలికే ఒక కులవృత్తి నామాన్ని తన జీవితగాథకు శీర్షికగా స్వీకరించడంలోనే ఆయన ఆత్మగౌరవం ప్రస్ఫుటమవుతుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ముస్లిం కళాకారులు హిందూ దేవాలయ సంగీతంతో సన్నిహిత సంబంధం కలిగి ఉండడం కొత్త విషయం కాదు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా (1924-1999) ఈ సంప్రదాయానికి చెందిన వారే. రామాయణ, భారత గాథలను, పల్నాటి వీరుల చరిత్రను తమవిగా భావించి పాడుకున్న ఈ సంస్కృతిలోనే నాజర్ పెరిగారు. బాల్యంలోనే గ్రామ నాటక సమాజాలలో వేషాలు ధరించారు. పద్యం పాడడం, హార్మోనియం శ్రుతికి గొంతు కలపడం, స్త్రీ, పురుష పాత్రలకు తగిన ఆంగికాన్ని ప్రదర్శించడం ఆ వయస్సులోనే అలవడ్డాయి. పేదరికం కారణంగా చదువు సాఫీగా సాగకపోయినా, శాస్త్రీయ సంగీతంలో శిక్షణ పొందడానికి ఆయన పట్టుదలతో కృషి చేశారు. కుట్టుపని చేశారు, పిల్లలకు సంగీతం నేర్పారు. ఈ రెండు విధాల అనుభవం, అనగా నాటకరంగంలో అలవడిన అభినయం, సంగీత శిక్షణలో కుదిరిన శ్రుతిలయలు, కాలక్రమంలో ఆయన బుర్రకథకు రెండు స్తంభాలైనాయి.

జంగం కథ నుండి బుర్రకథకు

బుర్రకథకు మూలం జంగం కథ. శైవమత ప్రచారకులైన జంగాలు తంబుర భుజాన వేసుకొని గ్రామగ్రామాన సంచరిస్తూ కథలు చెప్పేవారు. కథకునికి ఇరువైపులా నిలిచి గుమ్మెటలు వాయించే వంతలు సాధారణంగా అతని కుటుంబ సభ్యులే. కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ, దేశింగురాజు కథ, కామమ్మ కథ, బొబ్బిలి కథ వీరి నోట విస్తృతంగా ప్రచారంలో ఉండేవి. ప్రాంతాన్ని బట్టి, వాద్యాన్ని బట్టి ఈ కళను తంబుర కథ అని, గుమ్మెట కథ అని, బుర్రకథ అని వ్యవహరించారు.

బుర్రకథ ప్రదర్శనలో ముగ్గురు కళాకారులు పాల్గొంటారు. మధ్యన నిలిచే కథకుడు తంబుర మీటుతూ, వ్రేళ్లకు తొడిగిన లోహపు అందెలతో తాళం వేస్తూ, కాలి గజ్జెలతో అడుగులు కదుపుతూ కథ నడిపిస్తాడు. ఇరుప్రక్కల డక్కీలు వాయించే వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యం చెప్పే వంత శ్రోతలను నవ్విస్తూ కథలోని బరువును తగ్గిస్తాడు. రాజకీయం చెప్పే వంత పాత కథను నేటి సమస్యతో ముడిపెడతాడు. తందాన తాన అనే వంతపాట ముగ్గురినీ కలిపి కథను ముందుకు నెడుతుంది. రగడలు, ద్విపదలు, పద్యాలు, వచనం, సంభాషణ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. యుద్ధ ఘట్టంలో నడక వేగం పుంజుకుంటుంది. కరుణ రస ఘట్టంలో లయ మందగించి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ప్రదర్శన రెండు, మూడు గంటలకు తక్కువ కాకుండా సాగుతుంది. పూర్వకాలంలో ఒకే కథను కొన్ని రాత్రుల పాటు చెప్పిన సందర్భాలు కూడా కలవు.

ఈ నిర్మాణంలోనే సమకాలీన రాజకీయ వ్యాఖ్యానానికి ఒక ద్వారం తెరచి ఉంది. దానిని గుర్తించిన తరం 1940 దశకంలో రంగప్రవేశం చేసింది.

ప్రజానాట్యమండలి

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం (ఇప్టా) ఆవిర్భవించింది. అదే సంవత్సరం ఆంధ్ర ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. డాక్టర్ గరికపాటి రాజారావు (1915-1963) దీనికి సారథ్యం వహించారు. నాటకం, వీధి భాగవతం, కోలాటం, హరికథ, బుర్రకథ తదితర కళారూపాలన్నింటినీ ప్రజా సమస్యల ప్రచారానికి వినియోగించడం మండలి ఆశయం. సుంకర సత్యనారాయణ రచించిన ‘కష్టజీవి’ బుర్రకథ, సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రచించిన ‘మాభూమి’ నాటకం ఈ కాలపు ప్రసిద్ధ రచనలు. మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటి మహిళలు వేదికనెక్కి కథలు, పాటలు వినిపించడం నాటి సమాజంలో సాహసోపేతమైన పరిణామం.

కమ్యూనిస్టు ఉద్యమం పట్ల ఆకర్షితులైన నాజర్ ఈ వాతావరణంలో ప్రజానాట్యమండలి కళాకారుడుగా ఎదిగారు. బుర్రకథ ఆయన సహజ ప్రతిభకు తగిన రూపమైంది. నాటకంలో ఒక పాత్రకే పరిమితం కావలసిన నటుడు బుర్రకథలో ఒకే రాత్రి రాజు, సేనాపతి, తల్లి, ద్రోహి, గూఢచారి, సామాన్య సైనికుడు అన్నీ తానే కావచ్చును. నాజర్ ఈ అవకాశాన్ని పూర్తిగా సద్వినియోగం చేసుకున్నారు. గొంతు మార్పుతో, కనుబొమల కదలికతో, తంబురను ఖడ్గంగానో తుపాకీగానో పట్టుకొని ఒక్క అడుగు ముందుకు వేయడంతో దృశ్యాన్ని కళ్లకు కట్టించేవారు. జంగం కథలోని ఏకరీతి బాణీకి బదులు సందర్భోచితంగా రాగాలను ప్రవేశపెట్టారు. కథనం, గానం, నర్తనం, అభినయం నాలుగూ సమపాళ్లలో మేళవించిన బుర్రకథ ఆయన వేదికపై రూపుదిద్దుకున్నది.

1943లో బెంగాల్‌ను కబళించిన కరువులో సుమారు 30 లక్షల మంది మరణించినట్లు అంచనా. ఆ దుర్ఘటనను తెలుగు పల్లెలకు తెలియజెప్పిన కళారూపాలలో నాజర్ చెప్పిన బెంగాల్ కరువు బుర్రకథ ఒకటి. వార్తాపత్రిక చేరని, చేరినా చదివేవారు అరుదైన గ్రామాలలో సుదూర ప్రాంతపు ఆకలి చావుల వార్త ఒక కథగా, ఒక పాటగా ప్రవేశించింది. ఆనాడు బుర్రకథ నిర్వహించిన పాత్ర ఏ సమాచార సాధనానికీ తీసిపోనిది.

వీరగాథలు

నాజర్ పేరు వినగానే ముందుగా స్ఫురించేవి ఆయన వీరగాథలు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయనకు అజరామర కీర్తిని ఆర్జించి పెట్టాయి. ఈ మూడూ మూడు భిన్న కాలాలకు చెందిన కథలు.

పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం నాటిది. దాయాదుల పోరుగా మొదలై కారంపూడి యుద్ధభూమిలో ముగిసిన ఈ గాథలో బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు ప్రధాన పాత్రలు. కులభేదాలకు అతీతంగా చాపకూడు నిర్వహించిన బ్రహ్మనాయుని పాత్ర సమానత్వ భావనను ప్రబోధించడానికి కథకునికి చక్కని అవకాశం కల్పించింది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటను ముట్టడించిన ఈ ఘటనలో తాండ్ర పాపారాయుని పరాక్రమం జానపదుల నోట శాశ్వతమైంది. అల్లూరి సీతారామరాజు కథ ఇటీవలిది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడితో ఆరంభమైన మన్యం తిరుగుబాటు 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజు వీరమరణంతో కీలక ఘట్టానికి చేరింది. నాజర్ ఈ కథను చెప్పిన తొలి సంవత్సరాలలో ఆ తిరుగుబాటును ఎరిగినవారు శ్రోతలలో సజీవంగానే ఉన్నారు.

పాత వీరుని కథ చెబుతూ వర్తమానంలోని దొరతనాన్ని, పరపీడనను విమర్శించడం శ్రోతలకు సులభంగా బోధపడేది. ప్రభుత్వాలకు కూడా అది అంతే స్పష్టంగా బోధపడింది. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ పాలకులు, హైదరాబాద్ సంస్థానంలో నిజాం ప్రభుత్వం బుర్రకథలపై ఆంక్షలు, నిషేధాలు విధించాయి. ‘మాభూమి’ నాటకం కూడా నిషేధానికి గురైంది. తంబుర, రెండు డక్కీలు తప్ప వేరే ఆయుధం లేని ముగ్గురు కళాకారుల ప్రదర్శనను అడ్డుకోవడానికి పోలీసు ఉత్తర్వులు అవసరమయ్యాయంటే ఆ కళకు గల శక్తిని ఊహించవచ్చును.

నిర్బంధం - పునరారంభం

1948 తరువాత కమ్యూనిస్టు ఉద్యమంపై నిర్బంధం తీవ్రమైంది. ప్రజానాట్యమండలి దళాలు చెల్లాచెదరయ్యాయి. కొందరు కళాకారులు చెరసాల పాలయ్యారు, కొందరు అజ్ఞాతవాసం గడిపారు, మరికొందరు మద్రాసు చేరి చలనచిత్ర రంగంలో స్థిరపడ్డారు. గరికపాటి రాజారావు చలనచిత్ర దర్శకులయ్యారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య ప్రభృతులు తెరపై సుప్రసిద్ధులైనారు.

నాజర్ సినిమాలలో తన కళను ప్రదర్శించినా, సినిమా నటుడుగా మారలేదు. తంబుర విడిచిపెట్టలేదు. తన దళంతో గ్రామాలలో, పట్టణాలలో, ఉత్సవాలలో, సభలలో దశాబ్దాల పాటు కథ చెబుతూనే వచ్చారు. అనేకమంది శిష్యులకు ఈ కళలో శిక్షణ ఇచ్చారు. బుర్రకథలు స్వయంగా రచించారు. ‘ఆసామి’ వంటి నాటకం రచించి నాటకకర్తగా కూడా పేరు గడించారు. ప్రజానాట్యమండలి కాలంలో తనతో పాటు వేదికనెక్కిన పలువురు ఇతర రంగాలకు తరలిపోయినా, బుర్రకథనే వృత్తిగా, జీవితంగా ఎంచుకొని నిలిచిన నాజర్‌కు బుర్రకథ పితామహుడన్న బిరుదు సహజంగానే లభించింది. మహారాష్ట్రలో ప్రజా గాయకునిగా ప్రఖ్యాతి వహించిన షాహీర్ అమర్ షేక్ (1916-1969)తో పోల్చుతూ ఆంధ్ర అమర్ షేక్ అని కూడా అభిమానులు ఆయనను గౌరవించారు.

వెండితెరపై బుర్రకథ

1953లో విడుదలైన ‘పుట్టిల్లు’ చిత్రానికి గరికపాటి రాజారావు దర్శకత్వం వహించారు. జమున, అల్లు రామలింగయ్య ఈ చిత్రంతోనే చిత్రరంగానికి పరిచయమయ్యారు. ఇందులో నాజర్ బుర్రకథకు స్థానం కల్పించారు. మరుసటి సంవత్సరం 1954లో పక్షిరాజా సంస్థ నిర్మించిన ‘అగ్గిరాముడు’ విడుదలైంది. ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన ఈ చిత్రానికి ఎస్.ఎం.శ్రీరాములు నాయుడు దర్శకులు. ఇందులోని అల్లూరి సీతారామరాజు బుర్రకథ నాజర్ బృందాన్ని తెలుగువారందరికీ పరిచయం చేసింది. నాజర్ ప్రదర్శనను ప్రత్యక్షంగా చూసే అవకాశం లేని ప్రాంతాల వారు, తరువాతి తరాల వారు ఆయన రూపాన్ని, గళాన్ని ఎరిగినది ప్రధానంగా ఈ సన్నివేశం ద్వారానే.

తలపాగా, నడికట్టు, కాలి గజ్జెలతో, భుజాన తంబురతో వేదికపై నిలిచిన నాజర్‌ను ఆ చిత్రంలో నేటికీ చూడవచ్చును. ముప్ఫై నాలుగేళ్ల వయస్సులో, కళాకారునిగా నిండు ప్రాయంలో ఉన్న ఆయన గొంతులోని స్ఫుటత, అడుగులోని వేగం, వంతల నుండి మాట అందుకొనే తీరు ఆ కొద్ది నిమిషాలలోనే వ్యక్తమవుతాయి. చిత్ర పరిశ్రమ చేసిన ఈ మేలు చిన్నది కాదు.

అయితే ఈ సన్నివేశానికి ఒక పరిమితి ఉన్నది. సినిమాకు అవసరమైన నిడివిలో, ముందుగా నిర్ణయించిన మాటలతో, స్టూడియోలో చిత్రీకరించిన బుర్రకథ అది. గంటల తరబడి సాగే కథకు అది సంక్షిప్త రూపం మాత్రమే. చిత్ర కథకు ఇమిడేటట్లు కుదించినప్పుడు మొట్టమొదట తగ్గేది హాస్యం, రాజకీయం చెప్పే వంతల భాగమే. ప్రత్యక్ష ప్రదర్శనలో ఆ ఊరి సమస్యపై అప్పటికప్పుడు అల్లిన మాట, శ్రోతల నవ్వుకు అనుగుణంగా పొడిగించిన చమత్కారం, ఎదుట కూర్చున్న వృద్ధురాలి కంట నీరు చూసి మరొక్కసారి ఎత్తుకున్న చరణం సినిమాలో ఉండే అవకాశం లేదు.

ధ్వనిముద్రణ - మిగిలినది, మిగలనిది

జానపద గాయకుని ప్రత్యక్ష ప్రదర్శనను పదిలపరచడం ఇరవయ్యో శతాబ్దపు ప్రథమార్ధంలో సులభమైన పని కాదు. నాజర్ వేదికనెక్కిన 1940 దశకంలో అందుబాటులో ఉన్న ప్రధాన సాధనం నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోను రికార్డు. పది అంగుళాల రికార్డుకు ఒక్కొక్క వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. నాటక పద్యానికి, కీర్తనకు, లలిత గీతానికి ఆ వ్యవధి సరిపోయింది. మూడు గంటల బుర్రకథను దానిలో ఇమిడ్చడానికి దాదాపు ముప్ఫై రికార్డులు రెండువైపులా కావాలి. పైగా ఆ రికార్డులు నగరాలలోని స్టూడియోలలో తయారయ్యేవి. నిషేధాజ్ఞల నీడలో పల్లెటూరి మైదానంలో జరిగే ప్రదర్శన వద్దకు ధ్వనిముద్రణ యంత్రం చేరే పరిస్థితి లేదు. ఫలితంగా తెలుగు బుర్రకథ అత్యంత ప్రభావవంతంగా ఉన్న దశాబ్దపు ధ్వని, దానిని విన్న ప్రజల జ్ఞాపకాలలోనే ప్రధానంగా నిలిచింది.

అంతకు పూర్వపు జానపద గాథలకు ఆసరాగా నిలిచినది లేఖనమే. 1874లో జె.ఎ.బాయిల్ అనే ఆంగ్ల అధికారి సర్వాయి పాపడి గాథను సేకరించి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించారు. నేదునూరి గంగాధరం జానపద గేయాల సేకరణకు జీవితం ధారపోశారు. ఆచార్య బిరుదురాజు రామరాజు 1950 దశకంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిపి ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది వేశారు. అయితే కాగితంపై నిలిచేది మాట మాత్రమే. బాణీ, లయ, ఊనిక, విరామం, అభినయం కాగితానికి అందవు.

ఈ లోటును కొంతవరకు పూరించినది ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. గ్రామీణ శ్రోతల కార్యక్రమాలలో బుర్రకథకు చోటు లభించింది. గ్రామ పంచాయతీ రేడియో చుట్టూ చేరి కథ విన్న తరం నిన్న మొన్నటి వరకు ఉన్నది. తరువాత టేపు రికార్డరు, 1980 దశకం నాటికి క్యాసెట్లు వచ్చాయి. 60, 90 నిమిషాల క్యాసెట్‌పై ఒక కథను తగినంత విపులంగా నమోదు చేయడం సాధ్యమైంది. అమెరికాకు చెందిన పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటి వీరగాథను సంప్రదాయ గాయకుడు అలిశెట్టి గాలెయ్య గానం చేయగా ధ్వనిముద్రణ చేసి, దాని ఆధారంగా 1982లో ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. నాజర్ బుర్రకథగా చెప్పిన గాథనే తరతరాల సంప్రదాయ గాయకులు పల్నాటిలో ఏ విధంగా పాడారో తెలుసుకొనడానికి ఆ కృషి ఉపకరించింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ అనే బృహద్గ్రంథంలో బుర్రకథ వికాసాన్ని ప్రజానాట్యమండలి సభ్యునిగా స్వీయ పరిచయంతో నమోదు చేశారు.

ఈ దృష్టితో చూసినప్పుడు ‘పింజారి’ ఆత్మకథకు ప్రాముఖ్యం మరింత పెరుగుతుంది. యంత్రం నమోదు చేయలేని తొలి ప్రదర్శనల కాలాన్ని కళాకారుని దృష్టి నుండి తెలిపే ఆధారం అది. నాజర్ ముద్రిత బుర్రకథలు, చలనచిత్ర దృశ్యాలు, ఆత్మకథ, శిష్యుల వేదిక సంప్రదాయం నాలుగింటినీ ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు మాత్రమే ఆయన కళకు సమగ్ర రూపం ఏర్పడుతుంది. ఏ ఒక్కటీ తక్కిన మూడింటికి ప్రత్యామ్నాయం కాజాలదు.

ప్రభుత్వ ప్రచారంలో బుర్రకథ

స్వాతంత్ర్యానంతరం బుర్రకథ ప్రయోజనాన్ని ప్రభుత్వాలు గుర్తించాయి. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ పరిధిలో 1954లో ఏర్పడిన గీత, నాటక విభాగం జానపద కళారూపాల ద్వారా అభివృద్ధి సందేశాన్ని గ్రామాలకు చేరవేసింది. రాష్ట్రంలోనూ కుటుంబ సంక్షేమం, అక్షరాస్యత, ప్రజారోగ్యం, మద్యపాన నిషేధం తదితర అంశాలపై సమాచార, పౌర సంబంధాల శాఖ బుర్రకథ దళాలతో ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. ఒకప్పుడు నిషేధాజ్ఞలకు గురైన కళారూపం స్వతంత్ర భారతంలో ప్రభుత్వ కార్యక్రమాలకు వాహికగా మారింది.

ఈ పరిణామంలో ప్రచార విభాగాల వారు గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. నాజర్ బుర్రకథ ప్రజలను ఆకట్టుకొనడానికి కారణం అందులో సందేశం ఉండడం మాత్రమే కాదు. ముందుగా అది మంచి కథ, మంచి పాట, మంచి అభినయం. బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టంలో తల్లి దుఃఖాన్ని శ్రోత తన దుఃఖంగా భావించిన తరువాతనే రాజకీయం చెప్పే వంత మాటకు విలువ ఏర్పడేది. కథాబలం లేకుండా సందేశం ఒక్కటే వినిపించిన సందర్భాలలో బుర్రకథ కేవలం ప్రకటనగా మిగిలి, శ్రోతలకు దూరమైంది. కళారూపాన్ని వినియోగించుకొనే సంస్థలు కళాకారునికి తగిన వ్యవధిని, రచనా స్వేచ్ఛను కల్పించవలసిన ఆవశ్యకతను నాజర్ జీవితం తెలియజేస్తుంది.

పురస్కారాలు

షేక్ నాజర్ కళాసేవను గుర్తించి భారత ప్రభుత్వం 1986లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. శాస్త్రీయ సంగీత, నృత్య కళాకారులతో సమానంగా ఒక బుర్రకథ కళాకారునికి జాతీయ గౌరవం దక్కడం జానపద కళాలోకానికంతకూ గర్వకారణమైంది. పొన్నెకల్లు గ్రామంలో పేదరికం మధ్య జన్మించి, కుట్టుపని చేసి జీవించిన యువకుడు తన కళాబలం చేతనే ఈ స్థాయికి చేరుకొనడం విశేషం. ఆయన ఏ విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ కాదు. అయినా పరిశోధకులకు ఆయన జీవితం, కళ పరిశోధనాంశాలైనాయి.

అస్తమయం

1997 ఫిబ్రవరి 22న షేక్ నాజర్ తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 77 సంవత్సరాలు. బెంగాల్ కరువు నాటి నుండి టెలివిజన్ యుగం వరకు అర్ధ శతాబ్దానికి పైగా ఆయన కళాజీవితం విస్తరించింది. 2020లో ఆయన శతజయంతి సంవత్సరం పూర్తయింది.

టెలివిజన్, వీడియో, అనంతరం సెల్‌ఫోను ప్రభావంతో రాత్రంతా మేలుకొని కథ వినే అలవాటు గ్రామాలలో క్షీణించింది. బుర్రకథ దళాల సంఖ్య తగ్గింది. ప్రదర్శన నిడివి మూడు గంటల నుండి అరగంటకు, కొన్ని సభలలో పది నిమిషాలకు కుదించుకుపోయింది. మరొకవైపు, నాజర్ కాలంలో ఊహకు అందని ధ్వనిముద్రణ సాధనాలు నేడు ప్రతి ఒక్కరి చేతిలో ఉన్నాయి. మూడు నిమిషాల రికార్డు పరిమితి తొలగిపోయింది. పూర్తి నిడివి కథను చెప్పగల వృద్ధ కళాకారులు జీవించి ఉండగానే, శ్రోతల మధ్యన, సహజమైన వాతావరణంలో వారి ప్రదర్శనలను నమోదు చేయడం కాలయాపనకు తావులేని కర్తవ్యం. ఇళ్లలో, గ్రంథాలయాలలో, సంస్థల బీరువాలలో ఉన్న పాత టేపులు, క్యాసెట్లు ఏటికేడు శిథిలమవుతాయి. అయస్కాంత పూత రాలిపోయిన టేపు నుండి గొంతును తిరిగి రాబట్టడం కష్టసాధ్యం. వాటిపై ఊరి పేరు, తేదీ, వంతల పేర్లు రాసి ఉంచడం, సకాలంలో డిజిటల్ రూపంలోకి మార్చడం భావితరాల పరిశోధకులకు ఎంతో మేలు చేస్తుంది. నాజర్ పక్కన నిలిచి డక్కీ వాయించిన వంతల పేర్లు కూడా ఆయన పేరుతో పాటు నమోదు కావలసి ఉన్నది. ఎందుకనగా బుర్రకథ ఒక్కరి కళ కాదు, ముగ్గురి కళ.

దూదేకుల ఇంట పుట్టి, పల్నాటి వీరులను, బొబ్బిలి పులులను, మన్యం వీరుని తెలుగు నేల నలుమూలలా తన గళంలో పలికించి, నిషేధాలకు వెరవక, వేదికను వీడక జీవితాంతం కథ చెప్పిన షేక్ నాజర్ తెలుగు జానపద కళా చరిత్రలో చిరస్మరణీయులు.